ఖాళీ కడుపులో కదలిక: మోటిలిన్ దొరికిన కథ

తిండి పెట్టిన కుక్క కడుపులో ఏం జరుగుతోందో చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. తిండి పెట్టని కుక్క కడుపును గంటల తరబడి చూస్తూ కూర్చోవాలని ఎవరికి తోస్తుంది? ఇరవయ్యో శతాబ్దం మొదలైన కొత్తలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇవాన్ పావ్లోవ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న వసీలీ బోల్దిరెవ్‌కు తోచింది. ఆ ప్రయోగశాలలో అందరి దృష్టీ తిండి మీదే ఉండేది. కుక్కకు మాంసం చూపిస్తే ఏ రసం ఊరుతుంది, రొట్టె పెడితే ఎంత ఊరుతుంది అని కొలిచేవారు. రెండు భోజనాల మధ్య కడుపు విశ్రాంతి తీసుకుంటుందని అందరూ అనుకునేవారు.

బోల్దిరెవ్ చూసిన కడుపు మాత్రం విశ్రాంతి తీసుకోలేదు. గంటన్నర, రెండు గంటలపాటు చడీచప్పుడూ లేకుండా ఉండి, ఉన్నట్టుండి గట్టిగా ముడుచుకోవడం మొదలుపెట్టింది. ఇరవై ముప్పై నిమిషాలు అలా ముడుచుకుని, మళ్లీ సద్దుమణిగింది. మళ్లీ గంటన్నరకో రెండు గంటలకో అదే తంతు. ఆ సమయంలో క్లోమరసం, పైత్యరసం కూడా కాస్త ఊరేవి. కుక్కకు తిండి పెట్టగానే ఈ వరస ఆగిపోయేది. జీర్ణం చేయడానికి ఏమీ లేనప్పుడు కడుపు ఎందుకిలా కష్టపడుతోంది? గడియారం చూసుకున్నట్టు దాన్ని లేపుతున్నదెవరు? చూసింది చూసినట్టు రాసిపెట్టడం వరకే బోల్దిరెవ్‌కు సాధ్యమైంది. జవాబు రావడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

కడుపు గోడల్లో, పేగు గోడల్లో ఉండే నునుపు కండరం మన చేతికండరం లాంటిది కాదు. చేతిని ఎత్తాలనుకుంటే ఎత్తగలం, పేగును ఆగమంటే ఆగదు. అది తనంతట తాను మెల్లగా, లయగా పనిచేస్తూనే ఉంటుంది. ఆ లయను పెంచేదీ తగ్గించేదీ నరాలేనని ఆనాటి శాస్త్రజ్ఞుల గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి బలం చేకూర్చినవాళ్లలో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ ముఖ్యులు. పేగులో ఒకచోట తాకితే పైభాగం ముడుచుకుంటుందని, కిందిభాగం సడలుతుందని, అందుకే లోపలి పదార్థం ముందుకు సాగుతుందని వాళ్లు 1899లో చూపించారు. అది పేగుగోడలోని నరాల పని అన్నారు.

మూడేళ్లకు ఆ ఇద్దరే నరాల ఏకఛత్రాధిపత్యాన్ని కూలదోశారు. 1902 జనవరి 16న ఒక కుక్క చిన్నపేగులో కొంత భాగాన్ని తీసుకుని, దానికి వెళ్లే నరాలన్నిటినీ తెంపేశారు, రక్తనాళాలను మాత్రం ఉంచారు. అందులో కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశారు. నరాలు లేవు కాబట్టి దూరంగా ఉన్న క్లోమానికి కబురు చేరే దారి లేదు. అయినా క్లోమరసం ఊరింది. అంటే కబురు రక్తంలో వెళ్లి ఉండాలి. స్టార్లింగ్ వెంటనే పేగు లోపలి పొరను గీకి, ఇసుక, ఆమ్లం కలిపి నూరి, వడగట్టి, ఆ ద్రవాన్ని కుక్క సిరలోకి ఎక్కించాడు. కొద్దిసేపటికే క్లోమరసం చుక్కలు చుక్కలుగా రాలింది. ఆ పదార్థానికి సీక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలా రక్తంలో వెళ్లి పని చెప్పే పదార్థాలకు హార్మోన్ అన్న మాటను 1905లో స్టార్లింగ్ తన ఉపన్యాసాల్లో వాడాడు. ఈనాడు ఊరూరా వినిపించే ఆ మాట పుట్టింది పేగు కథలోంచే.

అయితే సీక్రెటిన్ పని గ్రంథితో. అది రసాన్ని ఊరిస్తుంది. మరి కండరాన్ని కదిలించే హార్మోన్ ఉంటుందా? షికాగోలో ఆండ్రూ ఐవీ, ఎరిక్ ఓల్డ్‌బర్గ్ 1928లో ఉంటుందని చూపారు. పేగు పొరల నుంచి తీసిన సారాన్ని ఎక్కిస్తే పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని బయటికి నెట్టింది. వాళ్లు దానికి కోలెసిస్టోకైనిన్ అని పేరు పెట్టారు. రక్తంలో ప్రయాణించే ఒక రసాయనం నునుపు కండరం ముడుచుకునేలా చేయగలదని అలా తేలింది. రెండేళ్లకు కొసాకా, లిమ్ అనే శాస్త్రజ్ఞులు ఇంకో సంగతి చెప్పారు. పేగులోకి కొవ్వు చేరితే అక్కడి నుంచి ఏదో పదార్థం రక్తంలో కలిసి కడుపు పనిని మందగింపజేస్తుందన్నారు. పిత్తాశయాన్ని పిండేది ఒకటి, కడుపును ఆపేది ఒకటి దొరికాయి. కడుపును నిద్రలేపేది మాత్రం దొరకలేదు.

ఈలోగా ఖాళీ కడుపు సంగతిని హార్వర్డ్‌లో వాల్టర్ క్యానన్ మరో వైపు నుంచి పట్టుకున్నాడు. ఆయన దగ్గర చదువుతున్న వాష్‌బర్న్ అనే విద్యార్థి ఒక రబ్బరు గొట్టాన్ని, దాని చివరనున్న బుడగతో సహా మింగడం అలవాటు చేసుకున్నాడు. బుడగలో గాలి నింపి, కడుపు దాన్ని నొక్కినప్పుడల్లా గీత పడేలా అమర్చారు. ఆకలి పోటు వేసినప్పుడల్లా వాష్‌బర్న్ ఒక మీట నొక్కాలి. కడుపు గట్టిగా ముడుచుకున్నప్పుడే ఆ పోట్లు వస్తున్నాయని గీతల్లో కనబడింది. 1912లో ఇది అచ్చయింది. కానీ 1931లో, కడుపును పూర్తిగా తీసేసిన ఒక రోగికీ ఆకలి వేస్తూనే ఉందని వాంగెన్‌స్టీన్, కార్ల్‌సన్ రాశారు. దాంతో ఆకలికీ కడుపు ముడుతలకూ ఉన్న సంబంధాన్ని చాలామంది పక్కన పెట్టేశారు.

తర్వాతి మూడు దశాబ్దాలు విసుగు పుట్టించే కాలం. పేగు సారంలో ఒకటి కాదు, ఎన్నెన్నో పదార్థాలు కలిసి ఉండేవి. ఒకే సీసాలోని పొడి ఒక చోట కండరాన్ని బిగించేది, ఇంకో చోట సడలించేది. ప్రతి కొత్త ప్రభావానికీ ఒక కొత్త హార్మోన్ పేరు పుట్టేది. విల్లికైనిన్, డ్యూయోక్రైనిన్ లాంటి పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి, ఆ పదార్థాలను శుద్ధంగా వేరుచేసి చూపినవారు లేక మెల్లగా జారిపోయాయి. శుద్ధి చేయనిదే ఏ ప్రభావం దేనిదో చెప్పలేరు. శుద్ధి చేయాలంటే పేగులు కావాలి, అదీ వేలకొద్దీ.

ఆ పనికి పూనుకున్నవాళ్లు స్టాక్‌హోంలో కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఎరిక్ యోర్పెస్, విక్టర్ ముట్. ముట్ ఎస్టోనియాలోని టార్టూలో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం ఊరిని మింగేస్తుంటే 1944లో స్వీడన్‌కు పారిపోయి వచ్చాడు. యోర్పెస్ దగ్గర చేరి, కబేళాల నుంచి తెచ్చిన పంది పేగులను ఉడికించడం, వడకట్టడం, అందులోని ప్రోటీన్ ముక్కలను ఒక్కొక్కటిగా విడదీయడం మొదలుపెట్టాడు. వేల పందుల పేగులు ఒకవైపు పెడితే రెండోవైపు మిగిలేది మిల్లీగ్రాముల్లోనే. 1960లలో సీక్రెటిన్ శుద్ధంగా చేతికొచ్చింది. అది 27 అమైనో ఆమ్లాల గొలుసు అని తేలింది. పిత్తాశయం ముడుచుకునేలా చేసే కోలెసిస్టోకైనిన్, క్లోమం చేత ఎంజైములు విడిపించే పాంక్రియోజైమిన్ రెండూ వేరు కాదని, ఒకే పదార్థమని కూడా వాళ్ల పనితోనే స్పష్టమైంది. ముట్‌కు ఇంకో మంచి అలవాటు ఉంది. తనకు కావలసింది తీసుకున్నాక మిగిలిన భాగాలను పారబోసేవాడు కాదు. దాచేవాడు, అడిగినవాళ్లకు ఇచ్చేవాడు.

ఇప్పుడు కథలోకి జాన్ బ్రౌన్ వస్తాడు. ఇంగ్లండ్‌లో చదువుకుని, తర్వాత కెనడాలోని వాంకోవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో స్థిరపడిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి ఆమ్లం చేరితే కడుపు కదలికలు తగ్గుతాయని అప్పటికే తెలుసు. దానికి తలకిందులుగా, క్షారం పోస్తే ఏమవుతుంది? బ్రౌన్, సహచరులు కుక్కల ఆంత్రమూలంలో క్షార ద్రావణం పోశారు. కడుపు ఉత్సాహంగా ముడుచుకుంది. అంతకన్నా విశేషం, కడుపు నుంచి ఒక చిన్న భాగాన్ని సంచిలా కుట్టి, నరాలన్నిటినీ తెంపి వేరుచేసి ఉంచితే, ఆ సంచి కూడా ముడుచుకుంది. బేలిస్, స్టార్లింగ్‌ల ప్రయోగంలోలాగే ఇక్కడా రక్తం తప్ప వేరే దారి లేదు. 1966లో ఈ ఫలితం అచ్చయింది.

కడుపును నిద్రలేపే ఆ హార్మోన్ ఏది? మొదట అనుమానం పాంక్రియోజైమిన్ మీదికి వెళ్లింది. మార్కెట్లో దొరికే పాంక్రియోజైమిన్ పొడిని ఎక్కించి చూస్తే నరాలు లేని సంచి స్పందించింది. సమస్య తీరినట్టే ఉంది. ఇక్కడే చాలామంది ఆగిపోయేవారు. పొడిలో తేడాలు బ్రౌన్‌ను ఆగనివ్వలేదు. దాన్ని ముక్కలుగా వేరుచేసి చూస్తే ఒక భాగం కడుపును కదిలించింది, ఇంకో భాగం కదలికను అణిచింది. అంటే పొడికి పెట్టిన పేరు ఒకటి, అందులో ఉన్నవి చాలా. పాంక్రియోజైమిన్ నిర్దోషి. దాని నీడలో దాక్కున్న ఇద్దరు కొత్తవాళ్లు ఉన్నారు.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. మిగతావాళ్లు మలినం అని వదిలేసేదాన్ని బ్రౌన్ తన పనిగా పెట్టుకున్నాడు. ముట్ దగ్గర సీక్రెటిన్ శుద్ధిలో పక్కకు తీసి దాచిన భాగాలున్నాయి. కడుపును కదిలించే పదార్థం అందులో దొరికింది. బ్రౌన్, ముట్, జిల్ డ్రైబర్గ్ కలిసి దాన్ని శుద్ధి చేశారు. 1971లో దానికి మోటిలిన్ అన్న పేరు స్థిరపడింది. 1973లో అది 22 అమైనో ఆమ్లాల గొలుసని ప్రకటించారు. మరుసటి ఏడాదే ఆ క్రమంలో ఒక స్థానాన్ని సరిదిద్దుకున్నారు. పద్నాలుగో చోట గ్లుటామిక్ ఆమ్లం అనుకున్నది నిజానికి గ్లుటమిన్. అణిచేవాడూ తప్పించుకోలేదు. కోలెసిస్టోకైనిన్ పొడి నుంచే బ్రౌన్ బృందం జీఐపీ అనే మరో హార్మోన్‌ను వేరుచేసింది. అది భోజనం తర్వాత ఇన్సులిన్‌ను పెంచుతుందని తర్వాత తెలిసింది. మధుమేహానికి ఇప్పుడు వాడుతున్న టిర్జెపటైడ్ పనిచేసే రెండు ద్వారాల్లో ఒకటి ఆ జీఐపీదే.

మోటిలిన్ చేతికొచ్చింది కానీ అది శరీరంలో ఎందుకుందో తెలియలేదు. మామూలుగా ఎవరూ ఆంత్రమూలంలో క్షారం పోసుకోరు. పైగా తర్వాత మనుషుల్లో చూస్తే క్షారం కన్నా ఆమ్లమే మోటిలిన్‌ను పెంచింది. బ్రౌన్ తట్టిన తలుపు దారి తప్పిన తలుపే, తీసుకెళ్లింది మాత్రం సరైన గదిలోకి. జీర్ణక్రియలో మోటిలిన్ పాత్ర ఏమిటని వెతికినవాళ్లందరూ భోజనం తర్వాతి గంటలనే చూశారు. అక్కడ దొరకలేదు.

దొరకాల్సిన చోటును మరొకరు వేరే పనిలో భాగంగా గుర్తించి ఉన్నారు. అమెరికాలో జోసెఫ్ షుర్‌షెవ్‌స్కీ అనే యువ శాస్త్రజ్ఞుడు ఉపవాసం ఉన్న కుక్కల పేగు పొడవునా ఎలక్ట్రోడ్లు అమర్చి, ఆగకుండా విద్యుత్ సంకేతాలను నమోదు చేశాడు. పేగు పైభాగంలో బలమైన సంకేతాల పట్టీ ఒకటి పుట్టి, మెల్లగా కిందికి జరుగుతూ గంటన్నర, రెండు గంటల్లో చిన్నపేగు చివరికి చేరింది. అది అక్కడికి చేరే వేళకు పైన మరొకటి మొదలైంది. తక్కువసేపు నమోదు చేసినవాళ్లకు ఇది ఎప్పుడో వచ్చిపోయే అలజడిలా కనిపించి ఉండేది. ఎక్కువసేపు ఓపికపట్టిన షుర్‌షెవ్‌స్కీకి 1969లో దాని ప్రయాణం కనిపించింది. చార్లెస్ కోడ్, మార్లెట్ 1975లో అది కడుపు నుంచే మొదలవుతుందని, నాలుగు దశల్లో సాగుతుందని వివరించారు. మెతుకులు, రాలిన కణాలు, సూక్ష్మక్రిములు అన్నిటినీ భోజనాల మధ్య వేళలో పెద్దపేగు వైపు ఊడ్చుకుపోయే ఇల్లాలు అన్నాడు కోడ్ దాన్ని. 1977లో బెల్జియంలోని లూవెన్‌లో వాంట్రాపెన్ బృందం, ఈ ఊడ్పు లేని కొందరు రోగుల చిన్నపేగులో సూక్ష్మక్రిములు విపరీతంగా పెరిగి ఉన్నాయని చూపింది. బోల్దిరెవ్ కుక్క వృథాగా కష్టపడలేదన్నమాట.

ఈ రెండు దారులనూ కలిపింది జపాన్. మేబాషీలోని గున్మా విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యుడు జెన్ ఇతో కండరం ముడుచుకునే బలాన్ని కొలిచే చిన్న పరికరాలను సొంతంగా తయారు చేసుకున్నాడు. వాటిని కుక్కల కడుపు, పేగుల పై పొరకు కుట్టి, కుక్క మెలకువగా తిరుగుతుండగానే రాత్రింబవళ్లు నమోదు చేసేవాడు. 1970ల నడుమ ఆయన మోటిలిన్‌ను ఉపవాసంలో ఉన్న కుక్కలకు ఎక్కించాడు. కొద్ది నిమిషాల్లోనే కడుపులో, సహజంగా వచ్చేదానికి ఏ మాత్రం తేడా తెలియని బలమైన ముడుతల వరస మొదలై పేగు వెంట కిందికి సాగింది. అదే మోతాదును భోజనం పెట్టిన కుక్కకు ఇస్తే ఆ వరస రాలేదు. రక్తంలో సహజ మోటిలిన్‌ను పదేపదే కొలిస్తే, అదీ ఆ లయలోనే పెరిగి తగ్గుతోంది. కడుపు బలంగా ముడుచుకునే వేళకు మోటిలిన్ శిఖరాన ఉంటోంది, అన్నం పడగానే పడిపోతోంది. జీర్ణక్రియ హార్మోన్ అని అందరూ వెతికింది నిజానికి ఉపవాస హార్మోన్. 1983లో చే అనే శాస్త్రజ్ఞుడి బృందం మోటిలిన్‌ను పట్టి బంధించే ప్రతిరక్షకాలను కుక్కలకు ఇచ్చి చూసింది. కడుపు, ఆంత్రమూలాల్లో ఆ ముడుతల వరస మాయమైంది. ఇక సందేహానికి చోటు లేదు.

ఇతో కథ అక్కడితో ఆగలేదు, యాదృచ్ఛికం మరోసారి తలుపు తట్టింది. 1949లో ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నుంచి అబెలార్డో అగిలార్ అనే వైద్యుడు పంపిన మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి, ఎలి లిల్లీ కంపెనీ 1952లో ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తెచ్చింది. గొంతునొప్పికీ, న్యుమోనియాకూ లక్షలమంది వాడారు. వాడినవాళ్లలో చాలామందికి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వాంతి, విరేచనాలు వచ్చేవి. యాంటీబయాటిక్ అంటే కడుపు పాడవడం మామూలేనని సరిపెట్టుకున్నారు. ఇతో పరికరాలు వేరే మాట చెప్పాయి. కొద్దిపాటి ఎరిత్రోమైసిన్‌ను ఉపవాసంలో ఉన్న కుక్కకు ఎక్కిస్తే కాగితం మీద పడిన గీతలు మోటిలిన్ గీతల్లాగే ఉన్నాయి. 1984లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. ఐదేళ్ల తర్వాత లూవెన్‌లో థియో పీటర్స్ బృందం కారణం చెప్పింది. మోటిలిన్ అంటుకునే గ్రాహకానికే ఎరిత్రోమైసిన్ కూడా అంటుకుంటోంది. అమైనో ఆమ్లాల గొలుసుకూ, మట్టిలోని సూక్ష్మజీవి తయారుచేసిన వలయంలాంటి అణువుకూ రూపంలో పోలికే లేదు. అయినా ఒకే తాళం తెరుచుకుంది. మూడు దశాబ్దాలుగా రోగులు భరించిన దుష్ప్రభావం ఒక్కసారిగా ఒక మందు అయింది.

1990లో లూవెన్ వైద్యులు, మధుమేహం వల్ల కడుపు స్తంభించి అన్నం గంటల తరబడి కదలకుండా ఉండిపోయే పదిమందికి ఎరిత్రోమైసిన్ ఎక్కించారు. కడుపు గమ్మున ఖాళీ అయింది. ఈనాటికీ ఇంటెన్సివ్ కేర్‌లో గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్న రోగి కడుపు కదలకపోతే వైద్యులు ఆ మందును తక్కువ మోతాదులో వాడుతుంటారు. కానీ కొద్ది రోజుల్లోనే గ్రాహకాలు అలవాటుపడి స్పందన తగ్గిపోతుంది. సూక్ష్మక్రిములను చంపని, కండరాన్ని మాత్రమే కదిలించే అణువుల కోసం జపాన్ శాస్త్రజ్ఞుడు సతోషి ఒమురా ఇతోతో కలిసి పనిచేశాడు. తర్వాత కంపెనీలూ ప్రయత్నించాయి. ఏబీటీ-229 అనే ఆశాజనకమైన మందు రోగుల మీద జరిపిన పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదు. ఎడతెగకుండా తలుపు తడితే శరీరం వినడం మానేస్తుంది. సహజ మోటిలిన్ విడతలు విడతలుగా వచ్చేది బహుశా అందుకేనేమో.

ఆ గ్రాహకం జన్యువును 1999లో మెర్క్ అనే మందుల కంపెనీ శాస్త్రజ్ఞులు గుర్తించారు. కండర కణాల మీదా, వాటిని ఉసిగొలిపే నరాల మీదా అది ఉంటుంది. మోటిలిన్ కొద్దిగా ఉన్నప్పుడు ముఖ్యంగా నరాల ద్వారా, ఎసిటైల్‌కోలీన్ అనే నర రసాయనాన్ని విడుదల చేయించి కండరాన్ని కదిలిస్తుంది. ఎక్కువైతే నేరుగా కండర కణంలోనే కాల్షియాన్ని పెంచి అది ముడుచుకునేలా చేస్తుంది. నరమా, హార్మోనా అని శతాబ్దం మొదట్లో సాగిన వాదనకు కణం ఇచ్చిన జవాబు రెండూ కలిసి అని. లూవెన్‌లో యాన్ టాక్ బృందం 2016లో మనుషుల్లో మోటిలిన్ తెచ్చే కడుపు ముడుతలు ఆకలి సంకేతమని చూపడంతో, క్యానన్, వాష్‌బర్న్‌ల బుడగ ప్రయోగం చెప్పిన మాటలో ఒక భాగం నిజమేనని తేలింది.

1999లోనే జపాన్‌లో కొజిమా, కంగావా గ్రెలిన్ అనే మరో హార్మోన్‌ను కనుగొన్నారు. అది మోటిలిన్‌కు తోబుట్టువు వరసే. ఇద్దరి గ్రాహకాలూ ఒకే కుటుంబానివి. ఇద్దరినీ కలిపి చదవాలంటే ప్రయోగశాలలో ఎలుకలను వాడటం పరిపాటి, కానీ ఎలుకల జాతిలో మోటిలిన్ జన్యువు పరిణామంలో పాడైపోయింది. వాటిలో ఈ హార్మోన్ లేదు. బ్రౌన్, ఇతో కుక్కలకు బదులు ఎలుకలతో మొదలుపెట్టి ఉంటే మోటిలిన్ దొరికేదే కాదు.

పరిష్కారం మన ఇళ్ల మూలల్లో, గాదెల కింద తిరిగే ఒక జీవి దగ్గర దొరికింది. చుంచు చూడటానికి ఎలుకలాగే ఉంటుంది, కానీ ఎలుక జాతికి చెందదు. మోటిలిన్, గ్రెలిన్ రెండూ దానిలో ఉన్నాయి. ఉపవాసంలో దాని కడుపు కూడా కుక్కల్లో, మనుషుల్లో కనిపించే దశలతోనే ముడుచుకుంటుంది. సైతామా విశ్వవిద్యాలయంలో చుంచు కడుపు మీద చేసిన ప్రయోగాల్లో, గ్రెలిన్ తనంతట తాను కండరాన్ని కదిలించలేకపోయినా, ముందుగా అది కాస్త చేరి ఉంటే తర్వాత వచ్చిన మోటిలిన్‌కు కండరం ఎంతో బలంగా స్పందించింది. గ్రెలిన్‌కు అడ్డుపడితే మోటిలిన్ తెచ్చే ముడుతల వరసా చెదిరిపోయింది. ఇద్దరూ ఒకరికొకరు ఎప్పుడు చేయందిస్తారు, అన్నం పడగానే ఎవరు ముందు వెనక్కి తగ్గుతారు అన్నది అక్కడ ఇంకా తవ్వుతున్న విషయం.